చేర్చడం జరిగినది

నేను రాసే ప్రతి కాగితంలోనూ "నేను" ఉంటుంది. ఆ నేను నేను కాదు.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరు. నాన్న దస్తావేజులు రాసేవారు. 2019లో ఆయన పోయాక ఆ బల్ల, ఆ చెక్క కుర్చీ, మేకుకి వేలాడే అట్ట నాకొచ్చాయి. ఆయన చేత్తో రాసేవారు, నేను కంప్యూటర్లో కొడతాను. తేడా అంతే. అమ్మకం, దానం, భాగపరిష్కారం, వీలునామా, ఏది రాసినా నేను ఎదుటి మనిషిలోకి వెళ్ళి ఆ గొంతుతో రాయాలి. "నేను ఆరోగ్యముగాను, స్థిరచిత్తముతోను ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకముగా వ్రాయించిన వీలునామా" అని టైపు చేస్తున్నప్పుడు బల్లకి అవతల కూర్చున్న పెద్దాయన కొడుకు వైపు చూస్తుంటాడు. కొడుకు నా స్క్రీన్ వైపు చూస్తుంటాడు. "చదివి వినిపించాను, సరేనా అండి" అంటే "ఆయ్, అంతేనమ్మా" అంటాడు పెద్దాయన. నేను ప్రింటు తీస్తాను.

ఈ పని చేసే మనిషికి సైకలాజికల్ థ్రిల్లర్లంటే ఎందుకు ఇష్టమో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ముఖ్యంగా, కథ చెప్పే "నేను"నే నమ్మకూడని నవలలు. 1961లో వేన్ బూత్ అనే అమెరికన్ విమర్శకుడు తన "ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్" పుస్తకంలో ఇలాంటి కథకుడికి ఒక పేరు పెట్టాడు. మనవాళ్ళు దాన్ని అవిశ్వసనీయ కథకుడు అని రాస్తుంటారు. నాకు ఆ మాట బరువుగా అనిపిస్తుంది. నేను "నమ్మరాని నేను" అనుకుంటాను.

చిన్నప్పుడు అమలాపురంలో అద్దె పుస్తకాల షాపు నుంచి నాన్న తెచ్చే డిటెక్టివ్ నవలలు చదివేదాన్ని. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ అంటే ప్రాణం. ఆ నవలల్లో అబద్ధాలు చెప్పేది నేరస్థుడు. కథ చెప్పే గొంతు మాత్రం మనల్ని మోసం చెయ్యదు. ఆ గొంతు చెయ్యి పట్టుకుని చీకట్లోకైనా వెళ్ళొచ్చు. డిగ్రీలో ఉండగా ఆ చెయ్యి మొదటిసారి వదిలించిన పుస్తకం అగాథా క్రిస్టీ రాసిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్". 1926 నాటిది. అంతా చెప్పేస్తాను కాబట్టి, చదవనివాళ్ళు ఇక్కడి నుంచి మూడు పేరాలు దాటేయండి.

అందులో కథ చెప్పేది ఒక పల్లెటూరి డాక్టరు. మర్యాదస్తుడు. హత్యని పరిశోధించే పొయిరో పక్కనే తిరుగుతూ, జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసుకుంటాడు. చివరికి హంతకుడు ఆయనే. నేను పుస్తకం మూసేసి, కోపంతో ఆ రాత్రే మళ్ళీ మొదటి నుంచి తెరిచాను. ఎక్కడ అబద్ధం చెప్పాడో పట్టుకుందామని పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. దొరకలేదు. హత్య జరిగిన రాత్రి గురించి ఆయన రాసింది ఇంతే: తొమ్మిదికి ఇరవై నిమిషాలుండగా ఉత్తరాలు వచ్చాయి, తొమ్మిదికి పది నిమిషాలుండగా నేను ఆ గది నుంచి బయటికి వచ్చాను. రెండు మాటలూ నిజమే. ఆ రెండిటి మధ్య పది నిమిషాలున్నాయి. ఆ పది నిమిషాల గురించి ఆయన మనకేమీ చెప్పలేదు, మనమూ అడగలేదు. పుస్తకం చివర్లో ఆయనే ఆ చోటు మనకి వేలు పెట్టి చూపిస్తాడు.

ఇంగ్లీషు నాకు అప్పుడు నిదానంగా నడిచేది. ఒక్కో పేజీకి డిక్షనరీ రెండుసార్లు తియ్యాల్సి వచ్చేది. బహుశా అందుకే ఆ వాక్యాలు అంత బాగా గుర్తుండిపోయాయి. ఆనాటి నుంచి ఇలాంటి నవలకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. రెండోసారి చదివినప్పుడు కూడా ప్రతి వాక్యం నిలబడాలి. మొదటిసారి ఒక అర్థంతో, రెండోసారి ఇంకో అర్థంతో. చివర్లో "అదంతా కల" అన్నా, "నాకు ఇంకో మనిషి పూనాడు" అని చేతులు దులుపుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. అది పాఠకుడికి ఇచ్చిన మాట తప్పడం. ఈ మధ్య వచ్చే థ్రిల్లర్లలో చాలావాటితో నా తగువు ఇదే. ఆఖరి పేజీలో మలుపు ఉంటుంది, కానీ దానికి మొదటి పేజీలో వేరు ఉండదు.

2012లో గిలియన్ ఫ్లిన్ రాసిన "గాన్ గర్ల్" ఆ పరీక్షలో నెగ్గింది. మొగుడూ పెళ్ళాం చెరో అధ్యాయం చెబుతారు. భార్య గొంతు మనకి మొదట వినిపించేది ఆవిడ డైరీలో. సగం పుస్తకం అయ్యాక తెలుస్తుంది, ఆ డైరీ ఆవిడ తన కోసం రాసుకున్నది కాదని, పోలీసులకి దొరకాలని కూర్చుని అల్లిందని. ఆ అధ్యాయం దగ్గర నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. దొరకడం కోసం రాసిన కాగితం ఎలా ఉంటుందో నా కన్నా బాగా ఎవరికి తెలుసు? నేను రాసేవన్నీ అలాంటివే. ఎప్పుడో ఒకనాడు, ఎవరో ఒక ప్లీడరు ముందు, రాయించిన మనిషి లేనప్పుడు విప్పడానికే రాస్తాం.

వీలునామా సంగతే తీసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, కానీ 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మనిషి బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరిదే నిలబడుతుంది. కావాలంటే సీలు వేసిన కవర్లో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు కూడా. ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది ఆ సాక్షులే. వాళ్ళు సాక్ష్యం చెప్పేది సంతకానికి, లోపలున్న మాటలకి కాదు. "ఈయన మా ఎదుట సంతకం చేశాడు" అంటారంతే. ఆయన చెప్పిన "నేను" నిజమో కాదో వాళ్ళకి అక్కర్లేదు.

ఒకసారి గౌతమి గట్టు అవతల లంక నుంచి ఒకాయన తన తాతగారి దస్తావేజు పట్టుకొచ్చాడు. రెండెకరాల పైచిలుకు. హద్దులు చక్కగా రాసి ఉన్నాయి, తూర్పున గోదావరి నది అని. "ఇది నా పిల్లల పేర మార్చాలండి" అన్నాడు. "భూమి ఎక్కడుందండి?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఏటా వరదకి కొంచెం కొంచెంగా కోసుకుపోయి, ఇప్పుడు ఆ రెండెకరాలూ నది మధ్యలో ఉన్నాయి. లంకల్లో ఇది కొత్త సంగతేం కాదు. కానీ ఆ కాగితంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రాసిన రోజున అంతా నిజమే. ఆ దస్తావేజు నకలు ఒకటి నా సొరుగులో ఇప్పటికీ ఉంది.

ఇక నా మాటకి వస్తాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుఫాను ఊడ్చేసింది. ఇక్కడివాళ్ళకి ఆ తేదీ చెబితే చాలు. వందల ప్రాణాలు పోయాయి. తోటలకి తోటలు మొవ్వు విరిగి, తలలేని మనుషుల్లా నిలబడ్డాయి. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ రాత్రి కథ నేను కాలేజీలో చెప్పాను, పెళ్ళయ్యాక అత్తవారింట్లో చెప్పాను, నా కూతురికి నిద్రపుచ్చుతూ చెప్పాను. మా పెరట్లో కొబ్బరిచెట్టు వంటింటి మీద పడడం మెరుపు వెలుగులో కళ్ళారా చూశాను. నాన్న మామ్మని వీపు మీద వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో ఎలిమెంటరీ స్కూలు డాబాకి తీసుకెళ్ళారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తడిసిన చీర చెంగు నా మొహానికి కొట్టుకుంటూ ఉంది. ఆ చెంగు చల్లదనం ఇప్పటికీ నా బుగ్గ మీద తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట వర్షాకాలంలో చెదలు పట్టాయని నాన్న పాత చిత్తు పుస్తకాలు కిందికి దించాను. ఆయనకి రోజూ ఖర్చులూ పనులూ రాసుకునే అలవాటు. 1996 పుస్తకం తిరగేస్తుంటే నవంబరు వచ్చింది. ఆయన గుండ్రటి దస్తూరీ.

"5-11. అమ్మాయిని కళ్ళజోడు నిమిత్తం కాకినాడ అక్కగారింట దింపడమైనది."

"6-11. యానాం. పంటు లేదు. గాలి. మకాం ఇక్కడే."

"8-11. ఇల్లు చేరాను."

మూడు పంక్తులు. అప్పటికింకా ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. గౌతమి దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. కాకినాడలో నన్ను మేనత్త దగ్గర వదిలి తిరిగొస్తూ నాన్న అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. అంటే ఆ రాత్రి మా ఇంట్లో నేను లేను. నాన్నా లేరు.

చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని అరుగు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నా కాళ్ళకింద ఏదో కదిలినట్టయింది. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరు ఏ ప్రమాణం చెయ్యమన్నా చేసేదాన్ని. ఆ మెరుపు, ఆ చెట్టు, ఆ తడి చెంగు, అవన్నీ నేను చూసినవే.

1974లో అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం గురించి ఇంతకుముందే చదివాను. 150 మంది విద్యార్థులకి రెండు కార్లు ఢీకొన్న సినిమా ముక్క చూపించారు. ఒక 50 మందిని "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి" అని అడిగారు. ఇంకో 50 మందిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి" అనే ధోరణిలో అడిగారు. మిగతా 50 మందిని స్పీడు గురించే అడగలేదు. వారం తర్వాత అందరినీ పిలిచి "పగిలిన గాజు చూశారా" అన్నారు. సినిమాలో పగిలిన గాజు లేనే లేదు. అయినా "తగిలినప్పుడు" అన్న జట్టులో 7 మంది చూశామన్నారు. "గుద్దుకున్నప్పుడు" అన్న జట్టులో 16 మంది చూశామన్నారు. ఒక్క క్రియాపదం మారిస్తే మనిషి కళ్ళలోకి లేని గాజు వచ్చి పడింది. ఇది చదివినప్పుడు అబ్బురపడ్డాను. కానీ నా గురించి కూడా అనుకోలేదు.

పౌలా హాకిన్స్ 2015 నవల "ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్" కూడా అప్పుడే గుర్తొచ్చింది. అందులో రేచల్ అనే ఆవిడ తాగి, ఏం జరిగిందో మర్చిపోతుంటుంది. తను చేసిన ఘోరాలు మాజీ భర్త చెబితే నమ్ముతుంది, సిగ్గుపడుతుంది, క్షమాపణలు అడుగుతుంది. ఆమె చెయ్యలేదు అవి. ఆయన చెప్పాడు, ఆమె జ్ఞాపకంలో ఉన్న ఖాళీలో అవి పోయి కూర్చున్నాయి. మొదటిసారి చదివినప్పుడు ఇంత అమాయకంగా ఎలా నమ్ముతుందీ అని విసుక్కున్నాను. ఆ విసుగు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు ఆ రాత్రిని ఎవరు ఇచ్చారు? కాకినాడలో మేనత్త ఇంటి కిటికీలు ఆ రాత్రి తెల్లవార్లూ కొట్టుకున్నాయి. కాబట్టి గాలి నాదే. మెరుపు కూడా నాదే అయ్యుండొచ్చు. చెట్టు అమ్మ చెప్పింది. మామ్మ చెప్పింది. మన భాషలో ఇందుకొక చిన్న అక్షరం ఉంది. చెట్టు పడింది అంటే నేను చూశానని. చెట్టు పడిందట అంటే ఎవరో చెబితే విన్నానని. ఒక్క "ట" తేడా. ఇంగ్లీషులో ఈ పనికి విడిగా ఒక మాటో, వాక్యమో ఖర్చు పెట్టాలి. మనకి క్రియకి తోకలా అంటుకుని వస్తుంది. మొదట్లో నేను కూడా "పడిందట" అనే చెప్పి ఉంటాను. ఏ ఏడు ఆ "ట" రాలిపోయిందో నాకు తెలీదు. అది రాలిన రోజునే నేను సాక్షినయ్యాను. తెలుగులో ఇలాంటి థ్రిల్లర్ ఎవరైనా రాస్తే ఆ ఒక్క అక్షరం మీద నడపొచ్చు. మొదటి అధ్యాయంలో "ట" ఉండి, పదో అధ్యాయంలో అదే సంగతి "ట" లేకుండా వస్తే చాలు. పది మందిలో ఒక్కరు పట్టుకుంటారు, మిగతా తొమ్మిది మందికీ రెండోసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. నేను రాయగలనని కాదు. కానీ అలాంటి పుస్తకం చదవాలని చాలా కోరికగా ఉంది.

సరే, నాది జ్ఞాపకం చేసిన పని. మరి నాన్నది?

నాన్న ఆ కథ చెబుతుంటే నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కళ్ళు మూసుకుని ఆయన మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ తెచ్చుకున్నాను. "కొబ్బరిచెట్టు వంటింటి మీద పడింది. ఇక ఇంట్లో ఉండే వీల్లేక అమ్మని బడికి చేర్చడం జరిగింది." అమ్మ అంటే ఆయన అమ్మ, మా మామ్మ. ఎప్పుడూ ఇదే వాక్యం. చేర్చాను అనలేదు. చేర్చాం అనలేదు. చేర్చడం జరిగింది. వినేవాళ్ళు "మీరే మోసుకెళ్ళారాండీ?" అని అడిగితే, "ఆ గాలికి మనిషి నిలబడితే గొప్ప" అనేవారు. అదీ నిజమే. ఆయన యానాం రేవులో నిలబడి ఆ గాలి చూశారు కదా.

దస్తావేజు భాష మొత్తం ఇంతే. "స్వాధీనపరచడమైనది." "ముట్టడమైనది." "చేర్చడం జరిగినది." పని ఉంటుంది, చేసిన చెయ్యి కనపడదు. ఇరవై ఏళ్ళకి పైగా ఆయన పక్కన ఉండి, ఆయన దగ్గరే ఈ భాష నేర్చుకుని, క్రిస్టీ డాక్టర్ని పెన్సిల్ పెట్టి పట్టుకుందామని కూర్చున్న నేను, నా ఇంట్లో ఆ వాక్యాన్ని వినలేకపోయాను. నాన్నని తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. ఆ రాత్రి ఇంట్లో లేకపోయానన్న బాధ ఆయన్ని ఎంత తిని ఉంటే ఆ వాక్యం అలా కుదిరి ఉంటుందో నేను ఊహించగలను. తిరిగొచ్చిన రోజున ఊరంతా తిరిగి పడిన ఇళ్ళ లెక్క రాసిందీ ఆయనే, సాయం కోసం అర్జీలు రాసిపెట్టిందీ ఆయనే. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అది మాత్రం నేను చూశాను. చూశానా? చిత్తు పుస్తకంలో ఆ అర్జీల లెక్క ఉంది. నలభై మూడు.

ఆ సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి పక్కన పీట వేసుకుని కొబ్బరి కోరుతోంది.

"అమ్మా, తుఫాను రాత్రి నేను ఎక్కడున్నాను?"

"కాకినాడలో కదే. మీ అత్తయ్య దగ్గర."

ఇంత తేలిగ్గా అంది. "మరి ఇన్నేళ్ళూ నేను చూశానని చెబుతుంటే ఎప్పుడూ అనలేదే?"

"చిన్నపిల్లవి, చెప్పుకుంటున్నావు. అడ్డం పడడం ఎందుకు?"

"మామ్మని ఎవరు మోశారు?"

చెయ్యి ఆగింది. "నేనే. ఇంకెవరున్నారు? మీ నాన్న యానాంలో ఉండిపోయారు."

"నాన్న చెబుతుంటే ఊరుకున్నావా?"

"ఆయన ఏం చెప్పారు?" అంది. నాకేం తోచలేదు. నిజానికి ఆయన ఏమీ చెప్పలేదు.

అమ్మ ఆ రాత్రి సంగతి తన నోటితో చెప్పడం నేను మొదటిసారి వినడం అప్పుడే. చీకటి పడకముందే పశువుల తాళ్ళు విప్పేసింది. దండెం మీది బట్టలు తీసి గోనెలో కుక్కింది. మామ్మకి మజ్జిగన్నం కలిపి పెట్టింది. ఎనిమిదిన్నరకి, రేడియో పక్కన గడియారం చూసింది కాబట్టి బాగా గుర్తుంది, వంటింటి మీద చెట్టు పడింది. లాంతరు ఆరిపోయింది. మామ్మకి తన పాత చీర కట్టి వీపుకి బిగించుకుంది. బడికి చేరేసరికి మాస్టారు గంట చూసి, పదకొండయింది తల్లీ అన్నారట.

"బడి మనింటికి ఫర్లాంగు దూరమే కదమ్మా" అన్నాను.

"అవును" అంది. కొబ్బరి చిప్ప అటు తిప్పి మళ్ళీ కోరడం మొదలుపెట్టింది.